లాభం సరే, ఆ డబ్బు ఎక్కడుంది? కంపెనీ లెక్కలు చదివే పద్ధతి

తిరుపతిలో షేర్ల మాట వస్తే, కంపెనీ బాగుందో లేదో తేల్చడానికి చాలామంది చూసేవి ఇవే: కరకంబాడి దారిలో షిఫ్టు బస్సులు నిండుగా పోతున్నాయా, శ్రీసిటీలో కొత్త షెడ్డు లేస్తోందా, తెలిసినవాళ్ల అబ్బాయికి అక్కడ బోనస్ వచ్చిందా. ఇవి పనికిరాని కబుర్లని నేననను. కానీ బస్సులు నిండుగా తిరిగే కంపెనీ కూడా వడ్డీ కట్టలేక చతికిలబడొచ్చు. ఆ సంగతి గేటు దగ్గర నిలబడితే తెలియదు, లెక్కల్లో తెలుస్తుంది. వాటిని చదవడానికి సీఏ పాసవ్వక్కర్లేదు. కూడికలు, తీసివేతలు, కాస్త భాగహారం వస్తే చాలు. ఓపిక మాత్రం ఉండాలి.

ఇక్కడ చెప్పేదంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కంపెనీ చూపిన లాభం చేతికి డబ్బుగా వచ్చిందా? రాకపోతే ఎక్కడ ఇరుక్కుంది? కింద మన జిల్లాల కంపెనీల పేర్లు కొన్ని వస్తాయి. అవి ఉదాహరణలు మాత్రమే, కొనమనీ కాదు, అమ్మమనీ కాదు.

ముందు కాగితాలు

కావలసింది వార్షిక నివేదిక. స్టాక్ ఎక్స్చేంజీలైన బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో, కంపెనీ సొంత సైట్‌లోని ఇన్వెస్టర్ల విభాగంలో ఉచితంగా దొరుకుతుంది. మార్చి 31తో సంవత్సరం ముగిసే కంపెనీలు సెప్టెంబరు 30 లోపు వార్షిక సర్వసభ్య సమావేశం పెట్టాలి. దానికి కనీసం 21 రోజుల ముందు నివేదిక వాటాదారులకు పంపాలి. అందుకే జులై నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా ఇవి వరుసగా వస్తుంటాయి. ఒక్క ఏడాదిది చాలదు, ఐదేళ్లవి దించుకోండి.

పాతవి వెతికేటప్పుడు పేర్లు మారతాయని గుర్తుంచుకోండి. అమర రాజా బ్యాటరీస్ 2023లో అమర రాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో ఉన్న పైపుల కంపెనీ మొదట లాంకో ఇండస్ట్రీస్, తరువాత శ్రీకాళహస్తి పైప్స్, ఆపైన ఎలక్ట్రోస్టీల్ కాస్టింగ్స్‌లో విలీనం. విలీనం జరిగిన చోట అమ్మకాలు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తే అది వ్యాపారం పెరగడం కాదు, రెండు పుస్తకాలు కలవడం.

నివేదికలో లెక్కలు రెండుసార్లు ఉంటాయి. స్టాండలోన్ అంటే ఆ ఒక్క కంపెనీవి. కన్సాలిడేటెడ్ అంటే అనుబంధ సంస్థలతో కలిపినవి. కన్సాలిడేటెడ్‌తో మొదలుపెట్టండి. మాతృసంస్థ లెక్క శుభ్రంగా ఉండి అప్పంతా పిల్ల కంపెనీల్లో పేరుకున్న సందర్భాలు ఉంటాయి. పేజీ పైన అంకెలు లక్షల్లోనా, కోట్లలోనా, మిలియన్లలోనా అన్నది చూడండి. బ్రాకెట్లలో ఉన్న అంకె అంటే మైనస్.

మొదటి వంద పేజీల్లో ఉండే ఫొటోలు, చైర్మన్ సందేశం ప్రస్తుతానికి దాటేయండి. అంకెలు చూశాక వెనక్కొచ్చి చదివితే ఆ సందేశం వేరేగా వినిపిస్తుంది.

మొదలుపెట్టాల్సింది ఆడిటర్ పేజీ నుంచి

చాలామంది నేరుగా లాభం దగ్గరికి వెళ్తారు. నేను మాత్రం ఆడిటర్ నివేదిక చదవందే అంకె ముట్టుకోవద్దంటాను. అంకెలను నమ్మొచ్చో లేదో తెలియకుండా వాటితో లెక్కలు కట్టి ఏం లాభం?

ఆడిటర్ అభిప్రాయం నాలుగు రకాలు. లెక్కలు నిజమైన, న్యాయమైన చిత్రం ఇస్తున్నాయని చెబితే అది మామూలు అభిప్రాయం. ‘ఫలానా విషయం మినహా’ అని ఉంటే క్వాలిఫైడ్, అక్కడ ఆగి ఆ మినహాయింపు ఎంత పెద్దదో చూడాలి. ఈ లెక్కలు సరైన చిత్రం ఇవ్వడం లేదంటే అడ్వర్స్. తగిన ఆధారాలు దొరకక అభిప్రాయమే చెప్పలేనంటే డిస్‌క్లెయిమర్. చివరి రెంటిలో ఏది కనిపించినా పుస్తకం మూసేయండి.

తరువాత ‘గోయింగ్ కన్సర్న్’ అనే మాట కోసం వెతకండి. కంపెనీ ఇక ముందు నడుస్తుందా అన్నదానిపై గట్టి అనుమానం ఉంటే ఆ శీర్షిక కింద రాస్తారు. ‘కీ ఆడిట్ మ్యాటర్స్’ అన్నచోట ఆడిట్‌లో ఎక్కువ తలనొప్పి పెట్టిన అంశాలుంటాయి. అమ్మకాలను ఎప్పుడు లెక్కలోకి తీసుకున్నారు, సరుకు నిల్వకు విలువ ఎలా కట్టారు వంటివి. మీరు తరువాత ఎక్కడెక్కడ తవ్వాలో అది ముందే చెబుతుంది.

అసలు బంగారం ఆడిటర్ నివేదికకు జతచేసే అనుబంధంలో ఉంది. కారో 2020 (ఆడిటర్ నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం ఆడిటర్ కొన్ని ప్రశ్నలకు సూటిగా జవాబివ్వాలి. బ్యాంకు అప్పు తీర్చడంలో తప్పారా? పీఎఫ్, జీఎస్టీ వంటి వివాదం లేని బకాయిలు ఆరు నెలలు దాటి నిలిచాయా? స్వల్పకాలిక అప్పు తెచ్చి దీర్ఘకాలిక పనులకు వాడారా? రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు (వర్కింగ్ క్యాపిటల్) పరిమితి 5 కోట్లు మించితే, బ్యాంకుకు మూణ్నెల్లకోసారి ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోతున్నాయా? ఈ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. బ్యాంకుకు ఒక లెక్క, పుస్తకంలో ఒక లెక్క ఉంటే వాటాదారుడికి చూపేది ఏ లెక్క అనుకోవాలి?

లాభనష్టాల పట్టిక: లాభం ఎక్కడి నుంచి వచ్చింది?

కింది నుంచి పైకి చదవండి. నికర లాభం దగ్గర మొదలుపెట్టి, దాన్లో అసలు వ్యాపారం తెచ్చిందెంత, పక్కదారిలో వచ్చిందెంత అని విడదీయాలి. పక్కదారులు ప్రధానంగా రెండు.

మొదటిది ‘అదర్ ఇన్‌కమ్’. డిపాజిట్ల వడ్డీ, పెట్టుబడుల విలువ పెరగడం, స్థలం అమ్మకం వంటివి. పన్నుకు ముందు లాభంలో ఇది మూడో వంతు ఉందంటే మీరు కొంటున్నది ఫ్యాక్టరీని కాదు.

రెండోది ‘ఎక్సెప్షనల్ ఐటమ్స్’, అంటే మామూలుగా రాని, ఎప్పుడో ఒకసారి పడే లాభనష్టాలు. 2023 జనవరి 30న చిత్తూరులోని అమర రాజా ట్యూబులర్ బ్యాటరీల ప్లాంటులో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. అలాంటి ప్రమాదంలో కాలిపోయిన సరుకు, యంత్రాల నష్టం, దానిమీద వచ్చే బీమా సొమ్ము ఈ వరుసలో పడతాయి. నష్టం ఒక ఏడాది, బీమా సొమ్ములో కొంత మరో ఏడాది పడితే మొదటి ఏడాది లాభం తగ్గి, తరువాతి ఏడాది ఎగిసినట్టు ఉంటుంది. రెండూ తీసేసి చూస్తేనే బ్యాటరీల వ్యాపారం తెలుస్తుంది. హెరిటేజ్ ఫుడ్స్‌ది ఇంకో రకం. పాల వ్యాపారంతో 1992లో మొదలైన ఈ కంపెనీ తన రిటైల్ దుకాణాలను ఫ్యూచర్ రిటైల్‌కు ఇచ్చి బదులుగా ఆ కంపెనీ షేర్లు తీసుకుంది. దాంతో ఆ షేర్ల ధర ఊగినప్పుడల్లా పాల కంపెనీ ఫలితాలూ ఊగాయి. పాలకూ దానికీ సంబంధమే లేదు. అయితే ‘ఎక్సెప్షనల్’ అనేది ప్రతి ఏడాదీ వస్తుంటే మాత్రం తీసేయకండి, అది అలవాటు ఖర్చే.

పన్ను కూడా చూడాలి. మినహాయింపులు వదులుకుని తక్కువ రేటు ఎంచుకున్న దేశీయ కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపి సుమారు 25.17 శాతం పడుతుంది. కంపెనీ చూపిన లాభం మీద పన్ను ఏళ్ల తరబడి పది శాతం దగ్గరే ఉంటే, పాత నష్టాల సర్దుబాటా, మినహాయింపా, మరొకటా అన్నది లెక్కల వెనక వివరణలుగా ఇచ్చే నోట్స్‌లో, పన్ను నోట్ దగ్గర వెతకండి.

బ్యాలెన్స్ షీట్: ఒక్క రోజు ఫొటో

బ్యాలెన్స్ షీట్ మార్చి 31 నాటి పరిస్థితి మాత్రమే చెబుతుంది. ఇది ఎంత తేడా తెస్తుందో చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. తోతాపురి ప్రధానంగా జూన్, జులైల్లో వస్తుంది. గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపి ఏడాదంతా అమ్ముతారు. మార్చి చివరికి గోడౌన్ చాలావరకు ఖాళీ, బ్యాంకు అప్పు కూడా తక్కువ. అదే సెప్టెంబరులో చూస్తే గోడౌన్ నిండా సరుకు, తల నిండా అప్పు. మన దగ్గర గుజ్జు యూనిట్లు ఎక్కువగా ప్రైవేటువే గానీ, సీజను వ్యాపారం చేసే ఏ లిస్టెడ్ కంపెనీకైనా ఇదే సూత్రం. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం ఆరు నెలలకోసారి ఆస్తి అప్పుల పట్టిక, క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల పట్టిక) ఇస్తారు. సెప్టెంబరు 30 పట్టికను మార్చిది పక్కన పెట్టి చూడండి.

చూడాల్సిన వరుసలు అప్పు, రావలసిన బాకీలు, సరుకు నిల్వ, నిర్మాణంలో ఉన్న ఆస్తులు, గుడ్‌విల్ (వేరే వ్యాపారాన్ని కొన్నప్పుడు దాని నికర ఆస్తుల విలువకు మించి కట్టిన సొమ్ము). అప్పులో ఏడాది లోపు తీర్చాల్సింది ఎంత, తరువాత తీర్చేది ఎంత అని విడిగా రాసుకోండి. నిర్మాణంలో ఉన్న ప్లాంటు నాలుగేళ్లుగా ‘నిర్మాణంలోనే’ ఉంటే అనుమానించాలి. ఆ పనికి తెచ్చిన అప్పు మీద వడ్డీని ఖర్చుగా చూపకుండా ఆస్తి విలువలో కలిపే వీలుంది. లాభం ఆ మేరకు బొద్దుగా కనిపిస్తుంది. ఎంత కలిపారో నోట్స్‌లో రాసి ఉంటుంది, దాన్ని వడ్డీ (ఫైనాన్స్) ఖర్చుకు కలిపి చూసుకోండి.

క్యాష్ ఫ్లో: ఇక్కడే తేలుతుంది

ఈ పట్టికలో మూడు భాగాలు. వ్యాపారం నడపడంలో వచ్చిపోయిన నగదు, పెట్టుబడుల్లో పెట్టినది, అప్పులూ వాటాల ద్వారా వచ్చిపోయినది. మాటల్లో చెబితే ఒంటబట్టదు కాబట్టి ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. విడిభాగాలు చేస్తుంది. అంకెలన్నీ కోట్లలో, ముందుది గత ఏడాది, తరువాతది ఈ ఏడాది.

- అమ్మకాలు: 400, 500
- అమ్మిన సరుకు ఖర్చు: 280, 345
- వడ్డీ ఖర్చు: 10, 18
- పన్నుకు ముందు లాభం: 40, 54
- నికర లాభం: 30, 40
- రావలసిన బాకీలు: 60, 130
- సరుకు నిల్వ: 50, 85
- సరఫరాదారులకు ఇవ్వాల్సింది: 45, 50
- అప్పు: 120, 200
- సొంత నిధి (వాటాదారుల పెట్టుబడి, మిగుల్చుకున్న లాభాలు): 210, 250

పేపర్లో వచ్చే వార్త ఇలా ఉంటుంది: అమ్మకాలు 25 శాతం, లాభం 33 శాతం పెరిగాయి. అబద్ధం కాదు. ఇప్పుడు డబ్బు వెంట నడుద్దాం.

పన్నుకు ముందు లాభం 54. దీనికి ఈ ఏడాది తరుగుదల (యంత్రాలు అరిగినందుకు రాసే ఖర్చు) 20 కలపాలి, అది కాగితం మీద ఖర్చే గానీ డబ్బు బయటికి పోలేదు. వడ్డీ 18ని మూడో భాగంలో చూపుతారు కాబట్టి దాన్నీ తిరిగి కలిపితే 92. రావలసిన బాకీలు 70 పెరిగాయి, అంటే సరుకు పోయింది గానీ ఆ డబ్బు రాలేదు. తీసేస్తే 22. సరుకు నిల్వ 35 పెరిగింది, తీసేస్తే మైనస్ 13. సరఫరాదారులకు ఇవ్వాల్సింది 5 పెరిగింది, కలిపితే మైనస్ 8. పన్ను 14 కట్టారు. చివరికి మైనస్ 22.

చూపిన లాభం 40 కోట్లు. వ్యాపారం నడపడంలో చేతికి రాకపోగా 22 కోట్లు ఎదురు పోయాయి. పైగా యంత్రాలకు 40, వడ్డీకి 18 కావాలి. మొత్తం 80. సరిగ్గా అంతే కొత్త అప్పు తెచ్చారు, 120 కాస్తా 200 అయింది. వడ్డీని కూడా అప్పు తెచ్చే కట్టారన్నమాట.

ఇప్పుడు రోజుల లెక్క వేయండి. రావలసిన బాకీలను అమ్మకాలతో భాగించి 365తో హెచ్చిస్తే, అమ్మిన ఎన్ని రోజులకు డబ్బు వస్తోందో తెలుస్తుంది. ఇక్కడ 55 రోజుల నుంచి 95కి పోయింది. సరుకు నిల్వనూ, ఇవ్వాల్సినదాన్నీ అమ్మిన సరుకు ఖర్చుతో భాగించాలి. నిల్వ 65 రోజుల నుంచి 90కి పెరిగింది. సరఫరాదారులకు మాత్రం 59 రోజులకు ఇచ్చేది 53కే ఇస్తున్నారు. మొదటి రెండూ కూడి మూడోది తీసేస్తే గత ఏడాది 61 రోజులు, ఈ ఏడాది 132. ఒక రూపాయి సరుకులోకి వెళ్లి తిరిగి రావడానికి రెట్టింపు పైన పడుతోంది.

ఎందుకిలా? రెండు కథలు సాధ్యం. పెద్ద కొనుగోలుదారు దొరికాడు, అతను మూణ్నెల్లు గడువు అడిగాడు. లేదా మార్చి చివర్లో డీలర్ల గోడౌన్లకు సరుకు తోసి అమ్మకంగా రాసుకున్నారు. ఏది నిజమో తేల్చడానికి నోట్స్ తెరవాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కంపెనీల చట్టం షెడ్యూల్ 3 సవరణ వల్ల, బాకీలు గడువు దాటి ఎంతకాలమైందో విడదీసి చూపడం తప్పనిసరి: ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, ఆపైన. మన ఊహా కంపెనీ 130 కోట్లలో 30 కోట్లు ఏడాది దాటినవనుకోండి. వాటికి రాని బాకీల కింద కేటాయించింది 2 కోట్లే అయితే, ఆ ముప్పైలో సగం మునిగినా ఇంకో 13 కోట్లు లాభంలోంచి కోసుకోవాలి. గోపురం దగ్గర కిరాణా కొట్టాయన అప్పు పద్దు పుస్తకం తిరగేసి ‘ఇవి వచ్చేవి కావు’ అని ఏ పేజీలు కొట్టేస్తాడో, అదే పని మీరిక్కడ చేస్తున్నారు.

ఒక్క ఏడాది నగదు తక్కువ వచ్చిందని కంపెనీని కొట్టేయకూడదు. ఎదిగే వ్యాపారానికి సరుకు కావాలి, డబ్బు ఇరుక్కుంటుంది. ఐదేళ్ల నికర లాభాలు కూడండి, ఐదేళ్ల వ్యాపార నగదు కూడండి, పక్కపక్కన పెట్టండి. తయారీ కంపెనీలో నగదు మొత్తం లాభం కన్నా ఎక్కువ ఉండటం సహజం, తరుగుదల తిరిగి కలుస్తుంది కదా. సగం కూడా లేకపోతే గట్టి కారణం కావాలి.

నోట్స్‌లో దాక్కునేవి

మొదట రిలేటెడ్ పార్టీ నోట్ తిప్పండి. ప్రమోటర్ల, అంటే కంపెనీని తమ చేతిలో పెట్టుకున్న యజమానుల, ఇతర సంస్థలతో కొనుగోళ్లు, అద్దెలు, అప్పులు అక్కడుంటాయి. కుటుంబ సంస్థకు వడ్డీ లేకుండా అప్పు ఇచ్చి, బ్యాంకు దగ్గర వడ్డీకి తెచ్చుకుంటున్న కంపెనీని నేను ఎంత చవకగా దొరికినా వదిలేస్తాను.

కంటింజెంట్ లయబిలిటీస్ అంటే ఇంకా తేలని బాధ్యతలు. పన్ను వివాదాలు, ఇతర కంపెనీల అప్పులకు ఇచ్చిన హామీలు. పన్ను కేసులు ఏళ్లు సాగుతాయి, అంత భయం లేదు. అనుబంధ సంస్థకు ఇచ్చిన హామీ సొంత నిధిలో పెద్ద భాగమైతే అది అప్పే అనుకుని లెక్కించండి.

బ్యాటరీల వంటి వ్యాపారంలో వారంటీ కేటాయింపు చూడాలి. అమ్మకాలు పెరుగుతుంటే అదీ దాదాపు అదే వేగంతో పెరగాలి. పెరగలేదంటే నాణ్యత మెరుగైందనో, ఖర్చు వాయిదా వేశారనో అర్థం. చిన్న, సూక్ష్మ పరిశ్రమలకు ఇవ్వాల్సింది విడిగా చూపుతారు. వాళ్లకు చట్టం ఇచ్చిన గడువు గరిష్ఠంగా 45 రోజులు. అక్కడ బకాయిలు పేరుకుంటున్నాయంటే నగదు బిగిసిందనడానికి తొలి గుర్తుల్లో అదొకటి.

సత్యం లెక్క

తెలుగువాళ్లం మరిచిపోలేని పాఠం ఒకటుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు ఇచ్చిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు నాటి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనేలేవు. రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లూ లేవు. ఆ త్రైమాసికంలో చూపిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు. అసలువి 2,112 కోట్లు, 61 కోట్లు.

బ్యాంకు పత్రాలే నకిలీవైతే ఇంట్లో కూర్చుని కనిపెట్టలేం. అయినా రెండు పరీక్షలు మన చేతిలో ఉన్నాయి. నగదు నిల్వకు తగ్గ వడ్డీ ఆదాయం ఉందా? ఉంటే అది నిజంగా చేతికి వచ్చిందా, లేక ‘రావలసిన వడ్డీ’గా పేరుకుంటోందా? రెండో పరీక్ష ప్రమోటర్ల సంస్థలతో లావాదేవీలు. ఆ లేఖకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన, రియల్ ఎస్టేట్, నిర్మాణ రంగాల్లోని మేటాస్ కంపెనీలను కొంటామని సత్యం ప్రకటించింది. వాటాదారులు మండిపడటంతో వెంటనే విరమించుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్థలాలూ నిర్మాణాలూ ఎందుకు? ఆ ప్రశ్నకు అకౌంటెన్సీ అక్కర్లేదు.

రేషియోలు చివర్లోనే

పైన చెప్పిన ఊహా కంపెనీకి సొంత నిధి మీద రాబడి 14.3 శాతం నుంచి 16కి పెరిగింది. వడ్డీ, పన్నుకు ముందు లాభం వడ్డీకి గత ఏడాది ఐదు రెట్లు, ఈ ఏడాది నాలుగు రెట్లు. అప్పు సొంత నిధికి 0.57 నుంచి 0.8 రెట్లయింది. వీటిలో ఏదీ విడిగా భయపెట్టదు. రేషియోలు మాత్రమే చూసేవాడు దీన్ని మంచి కంపెనీ అనుకుంటాడు.

లెక్కించే శ్రమ కూడా తగ్గింది. 11 రేషియోలను కంపెనీయే నోట్స్‌లో ఇవ్వాలి, ఏదైనా 25 శాతానికి మించి మారితే కారణం రాయాలి. ఆ కారణం చదవండి. ‘వ్యాపార పరిస్థితుల వల్ల’ అని ఒక్క ముక్కతో సరిపెట్టినవాళ్లను గుర్తుపెట్టుకోండి. పోలికేమో ఒకే రంగంలోనే. పాల కంపెనీ సరుకు ఏరోజుకారోజు అమ్ముడవుతుంది. బ్యాటరీల కంపెనీ వాహన తయారీదారులకు గడువు మీద ఇస్తుంది, సీసం నిల్వ పెట్టుకోవాలి. ఆ ఇద్దరి రోజుల లెక్కలు పోల్చి లాభం లేదు. ఇక బ్యాంకులు, బీమా కంపెనీలకు ఈ పద్ధతే వర్తించదు. వాటికి డబ్బే ముడిసరుకు.

అడగాల్సింది అడగండి

ఇంతా చదివాక రెండు మూడు ప్రశ్నలు మిగులుతాయి. వాటిని కాగితం మీద పేజీ నంబరుతో సహా రాసుకోండి. మూడు నెలల ఫలితాలు త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో, వార్షికమైతే 60 రోజుల్లో రావాలి. ఆ తరువాత చాలా కంపెనీలు విశ్లేషకులతో ఫోన్‌లో జరిపిన సంభాషణ రాతప్రతిని ఎక్స్చేంజ్ సైట్‌లో పెడతాయి. మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరకొచ్చు. దొరక్కపోతే, ఒక్క షేరున్నా సర్వసభ్య సమావేశంలో అడగవచ్చు. ఇప్పుడు చాలా సమావేశాలు వీడియోలోనే జరుగుతున్నాయి, తిరుపతి నుంచి కదలక్కర్లేదు. నోటీసులో వక్తగా నమోదు చేసుకునే ఈమెయిల్, గడువు తేదీ ఉంటాయి. ప్రశ్న ముందే రాతలో పంపండి. ‘కంపెనీ ఎలా ఉంది సార్’ అని అడిగితే ‘చాలా బాగుంది’ అంటారు. ‘ఫలానా నోట్‌లో ఏడాది దాటిన బాకీలు ఇంత, కేటాయింపు ఇంతే ఎందుకు, ఇందులో ఈ ఆరు నెలల్లో ఎంత వసూలైంది’ అని అడిగితే ఆర్థిక వ్యవహారాలు చూసే సీఎఫ్ఓ అంకె చెప్పాల్సి వస్తుంది.